ఘాజీ సినిమాలో చూపించింది వేరు.. 1971లో విశాఖ తీరంలో జరిగింది వేరు!

రానా హీరోగా 2017లో వచ్చిన ‘ఘాజీ’ గుర్తుందా? సంకల్ప్ రెడ్డి డైరెక్ట్ చేసిన ఈ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా దక్కింది. అందులో ఎస్-21 అనే మన సబ్‌మెరైన్ నీటి అడుగునే పోరాడి పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ను ముంచేస్తుంది. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగపట్టాల్సిందే. కాకపోతే ఆ సబ్‌మెరైన్ల పోరు కల్పితం. నేవీ రికార్డుల్లో ఉన్న పేరు ఓ పాత యుద్ధనౌకది: ఐఎన్ఎస్ రాజ్‌పుత్.

పీఎన్ఎస్ ఘాజీ అసలు అమెరికాది. మొదటి పేరు డయాబ్లో. కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా రాగల సత్తా అప్పట్లో పాక్ సబ్‌మెరైన్లలో దీనికొక్కదానికే ఉంది. 1971 నవంబర్ 14న బయల్దేరింది. టార్గెట్.. మన విమాన వాహక నౌక విక్రాంత్.

అప్పటికే విక్రాంత్ బాయిలర్‌లో పగులు, పూర్తి స్పీడ్ అందుకోలేని పరిస్థితి. దాంతో తూర్పు నౌకాదళం చీఫ్ వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఓ ఎత్తు వేశారు. విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, రాజ్‌పుత్‌ను విశాఖ నుంచి సముద్రంలోకి తీసుకెళ్లి విక్రాంత్‌లా రేడియో సిగ్నళ్లు ఇప్పించారు. కాంట్రాక్టర్లకు భారీగా మాంసం, కూరగాయల ఆర్డర్లు వెళ్లాయి. తల్లి ఆరోగ్యం ఎలా ఉందంటూ విక్రాంత్ నావికుడు ఒకరు అడిగినట్టు టెలిగ్రామ్ కూడా కొట్టించారు! ఘాజీ విశాఖ వైపు వచ్చేసింది.

డిసెంబర్ 3 అర్ధరాత్రి. యుద్ధం మొదలైన కొన్ని గంటలకే రాజ్‌పుత్ హార్బర్ దాటుతోంది. నీళ్లలో ఏదో కదలిక కనిపించడంతో రెండు డెప్త్ చార్జ్‌లు, అంటే నీటి లోతులో పేలే బాంబులు వదిలింది. కాసేపటికే, రాత్రి 12.15 ప్రాంతంలో, తీరమంతా అదిరేలా పేలుడు. ఘాజీలో ఉన్న 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. తర్వాత జాలర్లకు తేలుతున్న శకలాలు, లైఫ్ జాకెట్ దొరికాయి. డైవర్లు దిగాకే అది ఘాజీ అని ఖాయమైంది.

పాకిస్తాన్ మాత్రం రాజ్‌పుత్ దాడిని ఒప్పుకోదు. ఘాజీ తాను అమర్చిన మందుపాతరలకే బలైందని, లేదా లోపలే పేలుడు జరిగిందని అంటుంది. శిథిలాల్లో ముందు భాగం ఛిద్రమై ఉండటంతో లోపలి పేలుడు వాదనను మన మాజీ అధికారుల్లోనూ కొందరు కొట్టిపారేయలేదు. రాజ్‌పుత్ బాంబులే ఆ పేలుడుకు దారి తీశాయా అన్నదే తేలని పాయింట్.

ఇక ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్‌ను చూసి ‘ఘాజీని ముంచింది ఇదే కదా’ అనుకుంటే పొరపాటే. ఆ యుద్ధ సమయంలో కుర్సురా గస్తీ కాసింది అరేబియా సముద్రంలో. ఘాజీ శిథిలాలు మాత్రం ఇప్పటికీ విశాఖ సముద్రం అడుగునే ఉన్నాయి.