తల్లుల మీద నింద తొలగిన దారి

ఆటిజం ఉన్నట్టు నిర్ధారణ అయిన తొలి వ్యక్తిగా పేరున్న డొనాల్డ్ ట్రిప్లెట్‌ది అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరు. డాక్టర్ల సలహా విని మూడేళ్ల వయసులో అతణ్ణి ఇంటికి దూరంగా ఒక సంస్థలో చేర్చారు. కొంతకాలానికి అమ్మానాన్నలే వెనక్కి తెచ్చుకున్నారు. కొడుకు తీరుతెన్నులన్నీ తండ్రి 33 పేజీల ఉత్తరంలో రాసి, బాల్టిమోర్‌లోని డాక్టర్ లియో కానర్‌కు పంపాడు. 1943లో కానర్ పదకొండు మంది పిల్లల మీద ప్రచురించిన వ్యాసంలో మొదటి కేసు డొనాల్డ్‌దే. అంటే కానర్‌కు ఈ స్థితి ముందు ఒక తండ్రి రాతలోనే కనబడింది.

వైద్యలోకం ఆ సంగతి తొందరగానే మరిచిపోయింది. ఇది పుట్టుకతో వచ్చేదన్న కానరే, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. లోకం రెండో మాటనే పట్టుకుంది. ప్రేమ చూపని ‘రిఫ్రిజిరేటర్ తల్లి’ వల్లే బిడ్డ తనలోకి తాను ముడుచుకుపోతుందన్న వాదాన్ని 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం ఊరూరికీ చేర్చింది. రాత్రుళ్లు నిద్ర లేకుండా బిడ్డను కనిపెట్టుకుని ఉన్న తల్లినే దోషిని చేశారు. వైద్యం పేరిట జరిగిన క్రూరత్వాల్లో దీన్ని చిన్నదిగా నేను లెక్కించలేను.

ఎదురుతిరిగింది కన్నవాళ్లే. ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి, స్వయంగా సైకాలజిస్టు అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ బెటల్‌హైమ్ పుస్తకానికి ముందే, 1964లో, ఆ వాదాన్ని పుస్తకంతో ఖండించాడు. మరుసటి ఏడాదే అమెరికాలో తల్లిదండ్రుల సంఘం పుట్టింది. లండన్‌లో అలాంటి సంఘం 1962 నాటికే ఉంది. 1969లో ఆ అమెరికా సంఘం సభలోనే కానర్ తల్లిదండ్రుల తప్పేమీ లేదని చెప్పాడు. 1977లో కవలల మీద జరిగిన అధ్యయనం వంశపారంపర్య కారణాలను చూపించింది. 1993లో జిమ్ సింక్లెయిర్ ఈ పోరాటాన్ని మరో మెట్టు ఎక్కించారు: మమ్మల్ని చూసి ఏడవకండి, మేమున్నట్టుగా మమ్మల్ని తీసుకోండని ఆటిజం ఉన్న మనిషే తల్లిదండ్రులకు చెప్పిన సందర్భమది.

మన ఇళ్లలో బెటల్‌హైమ్ పేరు ఎవరికీ తెలియదు, నింద మాత్రం తెలుసు. “గ్రహణం పూట బయట తిరిగావా?” అని ఒకరు, “సెల్‌ఫోన్ చేతికిచ్చి పాడుచేశావు” అని మరొకరు. “వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే” అన్న ఓదార్పుతో విలువైన ఏళ్లు గడిచిపోతాయి.

ఇక్కడా మొదట కదిలిందొక తల్లే. మెర్రీ బరువా 1991లో ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ ప్రారంభించారు. 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది. మన దేశపు పిల్లలకు తగిన ఆటిజం కొలమానం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైంది; 40 అంశాలున్న ఆ ‘ఇసా’ 2009లో విడుదలైంది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు 18 ఏళ్లదాకా ఉచిత చదువు, ఉద్యోగాల్లో రిజర్వేషన్ హక్కులయ్యాయి.

చట్టం ఇంకా తేల్చని ప్రశ్న “మా తర్వాత ఎవరు?” అన్నది. కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది, కాగితం చేతికొస్తుంది. ఆటిజం ఉన్న ఆ మనిషి ఉండటానికి ఇల్లు, చేయడానికి పని మాత్రం కన్నవాళ్లే వెతుక్కోవాలి. డొనాల్డ్ డిగ్రీ చదివి, బ్యాంకులో పనిచేసి, తల్లిదండ్రులు పోయాక కూడా సొంతింట్లో దశాబ్దాలు బతికాడు, 2023 దాకా. అతనికి ఆ ఊరు తోడుంది, కుటుంబానికి డబ్బుంది. ఆ రెండూ లేని ఇళ్లకు ప్రభుత్వం ప్రతి జిల్లాలో వసతి గృహాలు కట్టాలి.