బర్మీయుల స్వాతంత్ర్య దీక్ష – తెలుగు కూలీలు

ఒక జాతి స్వాతంత్ర్యమును కోరుట సహజము. ఆయుధము పట్టక దానిని కోరుట ధైర్యము. తాను కోరిన స్వాతంత్ర్యమును తన పొరుగున నున్న పరాయివానికిని ఇచ్చుట ధర్మము. ఈ మూడింటిలో మూడవది మిక్కిలి కష్టమైనదని బర్మాదేశ చరిత్ర మనకు దెలుపుచున్నది. అది మన తెలుగువారు బహుకాలము బ్రదికి, శ్రమించి, నెత్తురోడ్చిన దేశము గనుక ఆ కథ మనకు పరాయిది గాదు.

మా చోడవరము మొదలు చికాకోలు వరకు గల పల్లెలలో రంగూనును ‘రంగ’మనుట వాడుక. కరవు వచ్చినను, అప్పు మీరినను ‘రంగము పోవుట’యే బీదవానికి దారిగా నుండెను. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, కాకినాడ రేవులలో వారు పొగయోడ లెక్కుచుండిరి. పూర్వము కోరంగి రేవునుండి పోయినవారు హెచ్చుగుటచే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీ’లను పేరు నిలిచెను. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని భారతీయులు పదిలక్షలకు మించిరి. రంగూను పురజనులలో సగముకంటె నెక్కువ వారే. తెలుగువారు సుమారు లక్షన్నర. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట, రిక్షా లాగుట, వీధులు తుడుచుట వీరి వృత్తులు. మేస్త్రీ ముందుగా బయానా యిచ్చి వీరిని తీసికొనిపోవును. పిదప వీరి కూలిలోనుండి తన భాగమును తీసికొనుచునే యుండును. వీరి చెమటవలన లాభించినది ఆంగ్లేయ వర్తక సంఘములు. కాని తన యూరిలో తక్కువ కూలికి పనిచేయుచు బర్మీయుని కంటికి గనబడినవాడు మాత్రము మన కోరంగీయే. దొర దూరముగా నుండెను. కూలివాడు దగ్గరగా నుండెను. కోపము దగ్గరవానిపై బడుట లోకసహజము.

ఆ కాలముననే బర్మీయులలో శాంతియుతమైన ప్రతిఘటనము మొలకెత్తెను. 1920 డిసెంబరులో రంగూను విశ్వవిద్యాలయపు చట్టమును నిరసించి విద్యార్థులు తరగతులు మానిరి. భారతదేశ మెరిగిన భిక్షువు ఊ ఉత్తమ ఊరూర నుపన్యసించి కారాగృహముల పాలయ్యెను. ఊ విశారుడను మరియొక భిక్షువు చెరలో కాషాయము ధరించు హక్కుకై 166 దినములు నిరశనము సాగించి 1929 సెప్టెంబరులో ప్రాణము విడిచెను. ఆయుధము లేనివాని బలమేమో ఈ మరణము ఆ జాతికి నేర్పెను.

అట్లుండగా 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె గట్టిరి. అదియును శాంతియుతమైన పోరాటమే. ఓడల దళారులు వారి స్థానమున బర్మీయులను నియమించిరి. సమ్మె పరిష్కారమైనంతనే ఆ బర్మీయులను పని లేదని త్రిప్పి పంపిరి. ఉభయులను వాడుకొన్నవారు వేరు; పోరాడుకొన్నవారు వేరు. మే 26వ తేదీన రేవున రేగిన కలహము నగరమంతట వ్యాపించెను. నూర్గురికి పైగా మరణించిరి. వారిలో పెక్కండ్రు తెలుగు కూలీలు. ఆ యేటనే ‘దోబమా’ యను సంఘము పుట్టెను. ‘మన బర్మా’ యని దాని భావము. పరప్రభుత్వము నెదిరించిన యువకులకు గొప్ప తేజస్సు నిచ్చిన మాట యది. కాని ఆ ‘మన’లో రేవుకూలి లేడు.

1938లో చౌక్ ప్రాంతపు చమురుగనుల కార్మికులు రంగూనుకు కాలినడకను బయలుదేరిరి. విద్యార్థులు వారితో గలిసిరి. డిసెంబరులో ఆంగ్‌జా యను విద్యార్థి పోలీసుల లాఠీదెబ్బలకు మృతుడయ్యెను. 1942లో జపానీయులు దండెత్తగా లక్షలాది భారతీయులు అరకాను, అస్సాము అడవిదారుల స్వదేశమునకు నడచిరి. వేలకొలది జనులు ఆకలిచేతను జ్వరములచేతను దారిలోనే కూలిరి. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. దాని నాయకుడు ఆంగ్ సాన్ అంతకుముందే, 1947 జూలై 19న, హత్యకు గురియయ్యెను.

1962 మార్చి 2న సేనాని నెవిన్ ప్రభుత్వమును గైకొనెను. ఆ జూలైలో విద్యార్థి సంఘ భవనమును ఫిరంగిమందుతో కూల్చివేసిరి. పిదప వర్తకములు జాతీయములయ్యెను. సుమారు మూడు లక్షల భారతీయులు దేశము విడిచిరి. విశాఖపట్టణములోని ‘బర్మా క్యాంపు’ పేరు ఆ రాకలకు గురుతు. 1982 పౌరసత్వ శాసనము 1823కు పూర్వము స్థిరపడిన జాతులవారికి పూర్ణ పౌరసత్వమిచ్చి, తక్కినవారిలో పెక్కురికి తక్కువ తరగతులను గల్పించెను. అచట మిగిలిన తెలుగు కుటుంబములకు ఇది తలవంపు.

1988 ఆగస్టు 8న దేశమంతయు పని మాని వీధులలోనికి వచ్చెను. సైన్యము వేలమందిని చంపెను. ఆంగ్ సాన్ కుమార్తె, ఢిల్లీలో చదివిన సూచీ, అహింసను దీక్షగా జేకొని జనులకు నాయకురాలయ్యెను. 1990 ఎన్నికలలో ఆమె పక్షము 485 స్థానములలో 392 గెలిచినను అధికారము దక్కలేదు. ఆమె గృహనిర్బంధములో నుండగనే 1991లో నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. 2007లో భిక్షువులు సైనికుల భిక్షను నిరాకరించి పాత్రలు బోర్లించిరి. అన్నము పెట్టువానికి పుణ్యము దక్కకుండ జేయుటకంటె మృదువైన శిక్షయు, కఠినమైన శిక్షయు వేరొకటి గలదా? 2012లో సూచీ మన అనంతపురము జిల్లా పల్లెకు వచ్చి స్త్రీల పొదుపు సంఘములను జూచిపోయెను. 2015లో ఆమె పక్షము ఎన్నికలలో జయించెను.

ఇచటనే చరిత్ర మనల నిలువేసి ప్రశ్నించుచున్నది. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు సైన్యపు దాడులచే బంగ్లాదేశమునకు పారిపోయిరి. 2019 డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానమున సూచీ తన ప్రభుత్వ పక్షమున నిలిచి ఆ నేరారోపణమును ఖండించెను. ఒకప్పుడు కోరంగీకి తావులేని ‘మన’యను మాటలో ఇప్పుడు రోహింగ్యాకు తావు లేదు. కొంద రీమాట చెప్పి ఆ జాతి దీక్షనంతను తీసివేయుదురు. అది న్యాయము గాదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారమును హరించినప్పుడు వైద్యులు, ఉపాధ్యాయులు, రైల్వే పనివారు ఉద్యోగములు మాని నిలిచిరి. గృహిణులు రాత్రివేళ గిన్నెలు మ్రోగించి దుష్టశక్తిని దరుమజూచిరి. తుపాకులే వారికి బదులు చెప్పెను. అటుపిమ్మట పెక్కురు యువకులు ఆయుధములు పట్టిరి. ఆ దినములలో పలువురు బర్మీయులు రోహింగ్యాలను మరచినందుకు బాహాటముగా క్షమాపణ చెప్పిరి. దెబ్బ తిన్నవాడు మరియొక దెబ్బ తిన్నవానిని గుర్తించుట ఆ జాతికి వచ్చిన నిజమైన వెలుగు.

చదువరులారా, బర్మీయులను కొనియాడుట సులభము. నిందించుట అంతకంటె సులభము. మన వీధిలో ఇల్లు కట్టుటకు ఒడిశానుండియో బీహారునుండియో వచ్చిన కూలివాడు మన నోట ‘మన’ యను మాటలో నున్నాడా యని విచారించుట కష్టము. రంగము పోయినవారి మనుమలమైన మనకు ఆ విచారము తప్పదు.