పాంబన్ దీపం: చిన్న పడవలకు పెద్ద దిక్కు

సంజీవి కొండ కింద పత్తినీ మామిడినీ నమ్ముకున్న రాజపాళయానికి లైట్‌హౌస్‌తో పనేమిటని కొందరు అడగవచ్చు. 1985లో జిల్లా విడిపోయేదాకా మనదీ రామనాథపురం జిల్లానే. కాశీకి వెళ్లొచ్చినా రామేశ్వరం సేవిస్తేగాని యాత్ర పూర్తికాదనుకునే ఇళ్లు మనవి. ఆ దీవి పడమటి కొసన నిలిచిన పాంబన్ దీపస్తంభం మనకు పరాయిదేమీ కాదు.

మన్నారు సింధుశాఖనూ పాక్ అఖాతాన్నీ కలిపే ఇరుకు సముద్రపు దారి పాంబన్ దగ్గరే ఉంది. అడుగున రాతి గట్టు. రుతుపవనం మారితే ప్రవాహమూ దిశ మార్చుకుంటుంది. వడి ఎక్కువైన రోజున చుక్కాని ఏమరితే పడవ రాళ్ల పాలే. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో మద్రాసు ప్రభుత్వం రాళ్లు పేల్పించి, ఇసుక తోడించి దారిని లోతు చేయించింది. దారి తెరిచాక దీపం తప్పనిసరైంది. శతాబ్దం నడుమకు స్తంభం లేచింది.

అయినా పెద్ద ఓడలకు ఆ లోతు చాలలేదు. అవి ఇప్పటికీ సింహళాన్ని చుట్టే వెళ్తాయి. 2005లో మొదలైన సేతుసముద్రం కాలువ పని మధ్యలోనే ఆగింది. అందుకే పాంబన్ దీపాన్ని ఎక్కువగా నమ్ముకున్నవి ధోనీలు, చేపల పడవలు, చిన్న ఓడలు.

1914 ఫిబ్రవరి 24న ఆ దారి మీదుగా రైలు వంతెన ప్రారంభమయ్యాక, దీపంతో పాటు వంతెన తెరిచే వేళ కోసం కూడా పడవలు కాచుకోవలసి వచ్చింది. వంతెనలో పడవల కోసం తెరుచుకునే భాగమైన షెర్జర్ స్పాన్‌ను లేపింది మనుషుల రెక్కల కష్టమే. పనివాళ్లు ఇనుప కడ్డీలకు ఒళ్లానించి గుండ్రంగా నడుస్తుంటే, పళ్లచక్రాలు తిరిగి రెండు రెక్కలూ మెల్లగా పైకి లేచేవి. కింద పడవలు వరుసగా దాటేవి.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను అదే దీవిలోని ధనుష్కోటిని తుడిచిపెట్టింది. ప్రయాణికుల రైలును సముద్రం మింగేసింది. వంతెన గర్డర్లు కొట్టుకుపోయినా షెర్జర్ స్పాన్ నిలిచింది. ఇంజనీరు శ్రీధరన్ నాయకత్వంలో 46 రోజుల్లో వంతెన మళ్లీ నిలబడింది.

2025 ఏప్రిల్ 6న నిలువుగా లేచే స్పాన్‌తో కొత్త వంతెన ప్రారంభమైంది. రెండు వంతెనలకూ కావలసినంత కీర్తి దక్కింది. రాత్రుళ్లు దీపం కాసినవాళ్లు, ప్రవాహం చూసి పడవలను దాటించిన పైలట్లు, కడ్డీలు తోసిన పనివాళ్లు మాత్రం తెర వెనకే ఉండిపోయారు. రామేశ్వరం వెళ్లే మన కుర్రాళ్లు పాంబన్‌లో ఒక పూట ఆగి, అక్కడి పెద్దలను అడిగి, వాళ్ల మాటలు రాసుకొస్తే వచ్చే సంచికకు అంతకు మించిన వ్యాసం ఉండదు.