బందెలదొడ్డి ధర్మము

మన పల్లెలలోని పెద్దలకు బందెలదొడ్డి అనగానేమో వేరుగా చెప్పనక్కరలేదు. చేలోపడి పైరు మేసిన గొడ్డును తోలుకొనిపోయి కట్టివేయు దొడ్డి అది. గొడ్డుగలవాడు వచ్చి బందె చెల్లించి తన గొడ్డును విడిపించుకొని పోవును. నేడు అనేక గ్రామములలో ఆ దొడ్డి గోడలు కూలిపోయినవి. అయినను అట్టి దొడ్డినుండి పుట్టిన ఒక ఇంగ్లీషు మాట నేటికిని న్యాయస్థానములలోను, పోలీసు ఠాణాలలోను బ్రతికియున్నది. ఆ మాట ‘ఇంపౌండు’. అధికారులు ఒక వస్తువును పట్టి తమ వశమందుంచుకొనుటకు ఈ మాట వాడుదురు.

పట్టణమందు చదువుకొనుచున్న కుమారుని మోటారుసైకిలును పోలీసువారు పట్టుకొనిరని కబురు వచ్చిననాడు ఇంటిల్లిపాదికి కలవరము కలుగును. ఆ వస్తువు ఇక పోయినట్లేనా? తిరిగి అడుగుటకు మనకు హక్కు గలదా? ఈ మాట పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనినచో ఆ ప్రశ్నలకు జవాబు దొరకును.

ఇంగ్లండు దేశమున పశువులను బంధించు దొడ్డికి ‘పౌండు’ అని పేరు. తూకమునకును, ఆ దేశపు నాణెమునకును చెప్పు పౌండు వేరు. అది లాటినునుండి వచ్చినది. దొడ్డికి చెప్పు పౌండు పాత ఇంగ్లీషు మాట. లోపల మూసియుంచుట, కట్టవేసి నిలుపుట అని దాని భావము. కుంట అను అర్థముగల ‘పాండ్’ అను మాటయు దీని రూపాంతరమే. కావున గొడ్డును నిలుపు దొడ్డియు, నీటిని నిలుపు కుంటయు ఆ భాషలో అక్కచెల్లెండ్రు. నేటికిని చెరువులలో నీరు నిలుపుటను ఇంజనీర్లు ఇంపౌండు చేయుట అనియే చెప్పుదురు.

దీనికి దగ్గరి మాటలు మరి రెండు గలవు. మనము వాడు ‘జప్తు’ అరబ్బీలో పుట్టి, పారసీకము, ఉర్దూల మీదుగా మనకు చేరినది. గట్టిగా పట్టుకొనుట, అదుపులో నుంచుట అని దాని అర్థము. అక్బరు కాలమున భూమిని కొలిచి శిస్తు నిర్ణయించు పద్ధతికి ‘జబ్తీ’ అను పేరు దీనినుండి వచ్చినదే. ఇక ‘కాన్ఫిస్కేట్’ అను మాటకు మూలము లాటిను ‘ఫిస్కస్’. మొదట అది డబ్బుంచు బుట్ట. పిమ్మట రాజు ఖజానా. కాన్ఫిస్కేట్ అయిన సొత్తు ఖజానాలో కలసిపోయినది, సొంతదారుని హక్కు తీరిపోయినది. ఇంపౌండు అయిన సొత్తు దొడ్డిలో నిలిచియున్నది, సొంతదారుని హక్కు చెడలేదు. పత్రికలవారు ఈ రెంటిని గూర్చియు ‘సీజ్ చేసిరి’ అనియే వ్రాయుటచేత సామాన్యులకు ఈ భేదము మరుగుపడినది.

ఈ భేదము ఎంత గట్టిదో 1871వ సంవత్సరపు పశువుల అక్రమ ప్రవేశ చట్టము చూచిన తెలియును. మద్రాసు రాజధానిలోని ఆంధ్ర జిల్లాలలో బందెలదొడ్లు నడచినది ఈ చట్టము క్రిందనే. చేనుగలవాడు పట్టిన గొడ్డును తన యింట ఉంచుకొనరాదు. 24 గంటలలో దొడ్డికి పంపవలెను. దొడ్డి కాపరి దానికి మేతయు నీళ్లును పెట్టవలెను. 7 దినములలో ఎవరును రానియెడల పోలీసులకు తెలుపవలెను. వారు గొడ్డు ఆనవాళ్లతో ప్రకటన అంటించి, పట్టిన చోటికి దగ్గరనున్న గ్రామములోను సంతలోను దండోరా వేయించవలెను. మరి 7 దినములు గడచిన పిమ్మటనే వేలము. బందెయు ఖర్చులును పోగా మిగిలిన పైకము లెక్కతో సహా యజమానికి ఇయ్యవలెను. పోలీసు ఉద్యోగి గాని దొడ్డి కాపరి గాని ఆ వేలములో గొడ్డును కొనరాదు. అన్యాయముగా పట్టినయెడల 10 దినములలో మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసికొనవచ్చును. పరాయి ప్రభుత్వమైనను, పట్టినవాడు తినివేయకుండ ఇన్ని కంచెలు వేసెను!

ఇంతకంటె ఎంతో ప్రాచీనమైన మోషే ధర్మశాస్త్రములోను ఇట్టి ఏర్పాటే యున్నది. సహోదరుని ఎద్దు గాని గొఱ్ఱె గాని త్రోవ తప్పి వచ్చినయెడల దానిని చూడనట్లు పోరాదు. ఇంటికి తోలుకొనివచ్చి, అతడు వెదకుకొనుచు వచ్చువరకు ఉంచి, అతనికి మరల అప్పగింపవలెను. బీదవాని వస్త్రమును కుదువగా తీసికొనినయెడల ప్రొద్దు గ్రుంకకమునుపే తిరిగి ఇయ్యవలెను. ఉంచుకొనువాడు కావలివాడే గాని సొంతదారుడు కాడను మాట అంత పాతది.

ఇప్పుడు హైదరాబాదు నగరములోని చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడలకు వత్తము. ఈ మూడును ఒకదాని చెంత నొకటియున్న పేటలు. వీటికి ఎగువనున్న హుస్సేన్‌సాగర్ 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో నిర్మింపబడినది. దాని మిగులు నీరు పోవు నాలా అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతముల మీదుగా సాగి మూసీలో కలియును. కట్ట కట్టిన పూర్వులు అలుగును, తూమును కూడ పెట్టిరి. నిలిపిన నీటికి విడుదల దారి లేనియెడల కట్టకే ముప్పని వారికి తెలియును. దిగువనున్న నాలా ఇరుకైపోగా ఏమగునో 2000 ఆగస్టు వరదలు చూపినవి. అప్పుడు నాలా వెంబడి పేటలలో ఇండ్లలోనికి నీరు చొచ్చెను.

ఈ పేటలకు మన పల్లెలతో మరియొక సంబంధము గలదు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములోను, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రములలోను ఉద్యోగ పరీక్షలకు చదువు పల్లెటూరి యువకులు వేలమంది. వారిలో ఎవని బండినైనను, లైసెన్సునైనను పోలీసువారు పట్టినప్పుడు వర్తించునది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. దాని 206వ సెక్షను పేరే పత్రములను ఇంపౌండు చేయు అధికారము. ఆ సెక్షను క్రింద లైసెన్సు తీసికొనిన అధికారి రసీదు ఇయ్యవలెను. లైసెన్సు తిరిగి వచ్చువరకు ఆ రసీదే బండి నడుపుటకు అనుమతి. 207వ సెక్షను, రిజిస్ట్రేషను లేక లైసెన్సు లేక నడిపిన బండిని పట్టి నిలుపుటను గూర్చినది. సరియైన పత్రములు చూపి విడుదల కోరవచ్చును. త్రాగి బండి నడుపువారి విషయమై 2021లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పెను. త్రాగని, లైసెన్సుగల తోడువాడున్నయెడల బండిని అతనికి ఇయ్యవలెను. లేనియెడల బంధువునకు గాని స్నేహితునకు గాని కబురు చేయవలెను. ఎవరును రానప్పుడు మాత్రమే ఠాణాకు తీసికొనిపోయి భద్రపరచి, పిదప పత్రములు చూచి అప్పగింపవలెను. త్రాగినవానికి శిక్ష తప్పదు. బండి మాత్రము ఖజానా సొత్తు కాదు.

కాగితములకును ఇదే ధర్మము. చాలిన స్టాంపు లేని దస్తావేజు కోర్టులో దాఖలైనప్పుడు 1899వ సంవత్సరపు స్టాంపు చట్టము ప్రకారము న్యాయాధికారి దానిని ఇంపౌండు చేయవలెను. సుంకమును జరిమానాను కట్టినపిదప అది చెల్లుబాటగును. తెల్లకాగితముపై భూమి వ్రాయించుకొనిన రైతులకు ఇది అనుభవమే. గల్ఫు దేశములకు పోవు మనవారి పాస్‌పోర్టు సంగతియు ఇట్టిదే. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వము ఇంపౌండు చేయగా, మనిషి మాట వినకుండ అట్లు చేయుట న్యాయము కాదని సుప్రీంకోర్టు 1978లో చెప్పెను. మరల 2008లో సురేశ్ నందా కేసులో ఆ కోర్టే ఈ మాటకు అర్థము విప్పెను: ఒక క్షణమున తీసికొనుట పట్టుట, తీసికొనినదానిని కొంతకాలము తమయొద్ద ఉంచుకొనుట ఇంపౌండు. పోలీసువారు పాస్‌పోర్టును పట్టవచ్చును గాని ఇంపౌండు చేయు అధికారము పాస్‌పోర్టు అధికారిదే.

అయితే ఆచరణలో లోపము లేదా? ఎండకు ఎండి వానకు తడిసి త్రుప్పుపట్టిన బండ్లను ఠాణాల ఆవరణలలో చూడనివారు లేరు. దొడ్డిలోని గొడ్డుకు మేత దొరకెను గాని ఈ బండ్లకు నీడయు దొరకలేదు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు, పట్టిన వాహనములను ఠాణాలో ఏండ్లతరబడి ఉంచుట వ్యర్థమనియు, తగిన పూచీకత్తు తీసికొని అప్పగింపవచ్చుననియు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, కోర్టు యెదుట పెట్టిన సొత్తుకు 14 దినములలో జాబితా వ్రాసి ఛాయాచిత్రములు తీయించి, ఆపై 30 దినములలో దానిని ఏమి చేయవలెనో ఆజ్ఞ ఇయ్యవలెను.

కావున ప్రియ చదువరులారా, వస్తువును పట్టిరని విన్నప్పుడు భయపడి దళారుల చేతిలో సొమ్ము పోయకుడి. మొదట రసీదు అడుగుడి. ఏ చట్టము క్రింద పట్టిరో, ఎవరి ఆజ్ఞచేత విడుదల యగునో అడుగుడి. సరియైన పత్రములతో పోవుడి. తప్పు చేసినయెడల జరిమానా కట్టుడి. బందె కట్టుట అవమానము కాదు.

మనలోను పట్టి ఉంచువారు కలరు. పైరు మేసిన పొరుగువాని మేకను కట్టివేసినవాడు, అప్పు క్రింద బీదవాని పట్టాపుస్తకమును పెట్టెలో దాచినవాడు, పనివాని పత్రములను తనయొద్ద ఉంచుకొనిన యజమానుడు, అందరును బందెలదొడ్డి కాపరులే. వారు ఉంచుకొనినదానిని చెడిపోనీయక, లెక్క వ్రాసి, వేళకు తిరిగి ఇయ్యవలెను. ఇయ్యనివాడు ఇక కాపరి కాడు. పరుల సొత్తు అపహరించినవాడే యగును.