రెండుసార్లు ఖాళీ అయినా ఉప ఎన్నిక చూడని మల్కాజిగిరి

2023 డిసెంబరు 7న రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మర్నాడే లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. దాంతో మేడ్చల్, శామీర్‌పేట జనానికి ఢిల్లీలో ఎంపీ అంటూ లేకుండా పోయారు. వాళ్లకిది కొత్త కాదు. ఐదేళ్ల కిందట, 2018 డిసెంబరులో, అప్పటి ఎంపీ చామకూర మల్లారెడ్డి ఇదే మేడ్చల్ నుంచి అసెంబ్లీకి గెలిచి లోక్‌సభ సీటు వదిలేశారు. ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్దదని చెప్పుకునే మల్కాజిగిరి స్థానం అలా రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ ఉప ఎన్నిక రాలేదు.

ఎంపీగా ఉన్న మనిషి అసెంబ్లీకి గెలిస్తే పద్నాలుగు రోజుల్లో తేల్చుకోవాలి. ఆలోగా ఎమ్మెల్యే పదవి వదలకపోతే పార్లమెంటు సీటే పోతుంది. ఖాళీ అయిన సీటును ఆరు నెలల్లో నింపాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్ చెబుతుంది. 1996లో చేర్చిన ఈ సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. సభ్యుడి పదవీకాలం ఏడాది కన్నా తక్కువ మిగిలి ఉంటే ఆ గడువు వర్తించదు. మల్లారెడ్డి, రేవంత్‌రెడ్డి తప్పుకునేనాటికి లోక్‌సభకు మిగిలింది ఆరు నెలలే.

మరి 2014లో మెదక్‌కు ఉప ఎన్నిక ఎలా వచ్చింది? అప్పుడు అసెంబ్లీకీ, లోక్‌సభకూ ఒకేసారి పోలింగ్ జరిగింది. కేసీఆర్ గజ్వేల్‌లోనూ, మెదక్‌లోనూ గెలిచారు. గజ్వేల్ ఉంచుకుని మెదక్ వదిలేశారు. లోక్‌సభ గడువు ఇంకా ఐదేళ్లుంది కాబట్టి సెప్టెంబరులోనే ఓట్లు పడ్డాయి, కొత్త ప్రభాకర్‌రెడ్డి మూడున్నర లక్షలు దాటిన మెజారిటీతో గెలిచారు. మరుసటి ఏడాది కడియం శ్రీహరి ఉప ముఖ్యమంత్రి అయి వరంగల్‌ను వదిలితే నవంబరులో పసునూరి దయాకర్ నాలుగున్నర లక్షలకు పైగా ఆధిక్యంతో వచ్చారు.

అసలు మలుపు 2018 సెప్టెంబరు 6. కేసీఆర్ ఆ రోజు అసెంబ్లీని రద్దు చేసి ముందస్తుకు వెళ్లారు. ఆ నిర్ణయం లాభనష్టాల మీద అప్పట్లో పత్రికలన్నీ పేజీలకు పేజీలు నింపాయి. జంటగా నడిచిన రెండు ఎన్నికలు విడిపోయి, మధ్యలో ఆరు నెలల సందు ఏర్పడిందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు. అప్పటి నుంచి తెలంగాణ ఎంపీ ఎవరైనా అసెంబ్లీ ఎన్నికల్లో గెలిచి రాష్ట్రానికి వచ్చేస్తే, ఆ లోక్‌సభ సీటు ఆ సందులోనే పడుతోంది. 2018లో పెద్దపల్లి ఎంపీ బాల్క సుమన్ చెన్నూరుకు వచ్చినప్పుడు అదే జరిగింది. 2023లో నల్గొండ, భువనగిరి, మెదక్ కూడా మల్కాజిగిరితో పాటు ఖాళీగా ఉండిపోయాయి.

ఇక్కడ తేదీలే సర్వస్వం. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం వైసీపీ ఎంపీలు ఐదుగురు 2018 ఏప్రిల్‌లో రాజీనామాలిచ్చారు. అవి ఆమోదం పొందేసరికి జూన్ 20 వచ్చింది. ఆ లోక్‌సభ గడువు 2019 జూన్ 3. పదిహేడు రోజుల తేడాతో నెల్లూరు, తిరుపతి, ఒంగోలు, రాజంపేట, కడపలకు ఉప ఎన్నిక తప్పిపోయింది. పొరుగున కర్ణాటకలో బళ్లారి, శివమొగ్గ, మండ్య మే నెలలోనే ఖాళీ కావడంతో నవంబరులో అక్కడ పోలింగ్ జరిగింది. రాజీనామా లేఖ ఎప్పుడు రాశారన్నది కాదు, స్పీకర్ ఎప్పుడు ఆమోదించారన్నదే లెక్క.

మల్కాజిగిరి లోపలే ఈ సెక్షన్ రెండు వైపులూ కనిపిస్తాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే జి.సాయన్న 2023 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. అసెంబ్లీకి పదకొండు నెలలే మిగిలాయి కాబట్టి ఉప ఎన్నిక పెట్టలేదు. ఆ ఏడాది చివర్లో ఆయన కూతురు లాస్య నందిత గెలిచారు. మూడు నెలలు తిరక్కుండానే, 2024 ఫిబ్రవరి 23న, ఔటర్ రింగ్‌రోడ్డు మీద ప్రమాదంలో ఆమె మరణించారు. ఈసారి నాలుగేళ్లకు పైగా గడువుంది. మే 13న కంటోన్మెంట్ ఓటర్లు ఎంపీకి ఒక ఓటు, ఎమ్మెల్యేకు మరో ఓటు వేసి వచ్చారు. ఎమ్మెల్యేగా కాంగ్రెస్ అభ్యర్థి శ్రీగణేశ్ గెలిచారు.

అదే రోజు వేసిన ఓట్లతో మల్కాజిగిరి ఎంపీ అయిన ఈటల రాజేందర్‌కు ఉప ఎన్నికలు కొట్టిన పిండి. 2008లో కమలాపూర్, 2010లో హుజూరాబాద్ తెలంగాణ ఉద్యమ రాజీనామాలతో వచ్చాయి. 2021లో మంత్రి పదవి పోయాక ఆయన శామీర్‌పేట ఇల్లే రాజకీయ కేంద్రమైంది. పరామర్శలు, మంతనాలు, విలేకరుల సమావేశాలు అక్కడే. జూన్ 12న ఎమ్మెల్యే పదవి వదిలి, అక్టోబరు 30న మళ్లీ హుజూరాబాద్ బరిలో నిలిచి 23,855 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఉప ఎన్నికకు పునాది పడింది శామీర్‌పేటలోనే అయినా, ఓటు వేసింది మాత్రం ఎక్కడో వంద కిలోమీటర్లకు పైబడి దూరంలో ఉన్న హుజూరాబాద్ జనం.

ఇప్పటి అసెంబ్లీ గడువు 2028 డిసెంబరుకు, లోక్‌సభది 2029 జూన్‌కు ముగుస్తాయి. సందు పూడలేదు. అసెంబ్లీ టికెట్ల వేళకు ఎంపీల పేర్లు మళ్లీ జాబితాల్లో కనిపిస్తాయనడానికి జోస్యం తెలియనక్కర్లేదు.