మన పెరళ్ళు, మన కార్తెలు

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలోని తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా పాళెగాండ్రతో ఆరంభింతురు. గుమ్మనాయకనిపాళెము, గుడిబండ, నందిదుర్గము, ఇవన్నియు చెప్పదగినవే. అయితే మన పూర్వులలో కోటలో కాపురమున్నవారు కొందరే. పెరటిలో పాదు పెట్టనివారు మాత్రము అరుదు. కనుక మేము పెరటి గుమ్మమునుండి ఈ చరిత్రలో ప్రవేశింపదలచితిమి.

ఈ సీమకు రెండు ఋతుపవనములును వచ్చును. ఏదియు నిండుగా రాదు. ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటునిటు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని నంది కొండల ప్రాంతమున పుట్టియు ఇచట నిలువక తెలుగునాటికి తరలిపోవును. ఆడపిల్లలకు అత్తవారింటిపై మమత యెక్కువ గదా! మిగిలినవి చెరువులు, బావులు. ఇట్టిచోట తోట పెంచువానికి కార్తెల లెక్క తప్పనిసరి. జూన్ రెండవ వారమున మృగశిర ప్రవేశింపగనే బీర, సొర, గుమ్మడి గింజలు నాటవలెను. సెప్టెంబరు చివర వచ్చు హస్త, ఆపై చిత్త, ఈ రెండింటి వానలే బావికి ఆధారము. మనము కార్తె యన్నదానిని పొరుగు కన్నడిగులు 'మళె' యందురు. నక్షత్రము ఒక్కటే, లెక్కయు ఒక్కటే.

పెరటి పంటలలో ఈ సీమకు తలమానికము అనప. రాగి చేలలో సాళ్ళుగా, ఇంటి వెనుక కంచెపై తీగగా ఇది పెరుగుచు నేలకు నత్రజనిని కూడ చేర్చును. దీని గుణము విచిత్రమైనది. పగలు కుదించుకొని రాత్రి పెరిగినగాని పాతరకపు అనప పూతకు రాదు. అందుచేత ఆర్ద్రలో వేసినను, పుష్యమిలో వేసినను, రెండు పాదులును ఇంచుమించు ఒకే కాలమున పూచును. ధనుర్మాసపు మంచులో కాయ తొక్కపై జిడ్డు పుట్టి, కోసిన చేతికి ఆ వాసన పూటంతయు అంటియుండును. రాత్రి నానవేసిన గింజలను ఇంటిల్లిపాదియు కూర్చుండి బొటనవ్రేలితో నొక్కి తోలు జార్చుటయే పితుకుట. ఆ పితికిన పప్పు పులుసునకు రాగి సంగటియే తోడు. కన్నడమున దీనిని 'హితికిద బేళె' యందురు. పాత కన్నడపు పకారము కాలక్రమమున హకారమైనది. పాలు 'హాలు' అయినట్లు, పులి 'హులి' అయినట్లు, పితుకుట 'హితుకు' అయినది. ఒకే పొయ్యిపై ఉడుకు పప్పునకు రెండు భాషలు ఇంత దగ్గరగా నిలుచుట మాకు శాసనములలో కంటె ఇచటనే స్పష్టముగా కనబడినది.

అయినను మన పెరడు కేవలము పూర్వికమే యనుట పొరపాటు. లాల్‌బాగ్ తోటకు 1874 నుండి 1908 వరకు అధికారిగా ఉండిన జాన్ కామెరాన్ సీమవంకాయను ఈ దేశమునకు పరిచయము చేసినవాడని ప్రసిద్ధి; దానిని తెలుగువారు నేటికిని 'బెంగుళూరు వంకాయ' యనియే పిలుతురు. ఆయన తరువాత వచ్చిన జర్మను తోటశాస్త్రజ్ఞుడు క్రుంబిగల్ కాలమున, 1912లో, మైసూరు తోటల సంఘము ఏర్పడినది. ఆ యేడే చిక్కబళ్లాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో తెలుగు ఇంట పుట్టిన విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానులైరి. వారి దివానుగిరిలో, 1913లో, హెబ్బాళమున వ్యవసాయ పాఠశాల వెలసినది. ఆ చోటనే 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయము తరువాత 'హెబ్బాళ అవరె' రకములను విడుదల చేసినది. పగటి నిడివితో నిమిత్తము లేక ఇవి ఏ నెలలోనైనను కాయును. రైతునకు ఇది మేలే, మేము కాదనము. కాని సంక్రాంతికి ఎదురుచూడవలసిన పని అనపకు తప్పినది, దానితో మనకును తప్పినది.

నడివయస్సున తోటపై మనసు మళ్ళుట లోకమున సహజము. ఈ సీమలో దానికి వేరొక భారము కూడ కలదు. పాత విత్తనమును గుర్తించు పెద్దలు గతించుచున్నారు. పిల్లలు బెంగుళూరులో నున్నారు. నడుమ నిలిచినవారు మనము. మెట్లు దిగి ముంచుకొనిన బావులు ఎండినవి. గొట్టపుబావులు వేయి అడుగులు దాటినను నీరు నిశ్చయము కాదు. పడినను, బాగేపల్లి వైపు ఫ్లోరైడు దోషము. 2007లో చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లా అయినది. ఆపైన బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి హెబ్బాళ-నాగవార పథకము ద్వారా ఇచటి చెరువులకు పంపుచున్నారు. పట్టణము వాడి విడిచిన నీటితో చెరువు నిండుట హర్షింపదగినదో, చింతింపదగినదో తేల్చుట సులభము కాదు. నీటిమట్టము పెరిగినదని సంతోషించువారును, శుద్ధి చాలదని వాదించువారును మనలోనే యున్నారు.

కనుక ఇప్పటి పెరడు చిన్నదైనది. అంట్లు కడిగిన నీరు అరటికి, బియ్యము కడిగిన కుడితి కరివేపకు. మామిడి మొక్క పెట్టవలెనా అను ప్రశ్నయు ఈ వయస్సుననే వచ్చును. టెంకనుండి మొలచిన మామిడి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లయినను పట్టును గదా. అంటు మొక్కయైన త్వరపడును. మునగ కొమ్మ పాతిన ఏడాదికే కాయ నిచ్చును. మా సలహా యడిగినవారికి మునగను చెప్పుచున్నాము, పెరటిలో రెండవ మూల ఖాళీ యున్నచో మామిడిని కూడ.

పాత అనప విత్తనము మాత్రము బజారున వెదకిన దొరకదు. పల్లెటూళ్ళలో బూడిద కలిపి కుండలో దాచు ఇండ్లు ఇంకను కలవు. గిద్దెడు అడిగి తెచ్చుకొని, వచ్చు ఆర్ద్రలో కంచె వారగా నాలుగు గింజలు వేయుడు. సంక్రాంతి వేళకు పిల్లలు ఊరికి వచ్చినప్పుడు వారు దానిని అనప యన్నను సరే, అవరె యన్నను సరే, పితుకుటకు కూర్చుండబెట్టుడు.