పెద్ద ఇంజన్ పెడితే చాలదు: పుష్పక్ నుంచి హంస దాకా



ఎవరో ఇంటి దగ్గరే చిన్న విమానం కట్టిన వీడియో ఒకటి పోయిన వారం మన గ్రూపులో తిరిగింది. దాని కింద మన పిల్లోడొకడు "ఇంకా పెద్ద ఇంజన్ పెడితే ఇంకా స్పీడు పోతాది కదన్నా?" అని అడిగినాడు. చాలామందిమి "అవును" అనేసినాం. అది తప్పు జవాబు. ఆ పిల్లోడు రేపు ఇంజనీరింగ్ చదవాల్సినవాడు, అందుకే సరిదిద్దుకుంటున్నాం.

మన చేన్లలో బోరు మోటరు ఎరగనివాళ్లు లేరు. 5 హెచ్‌పీ తీసి 10 హెచ్‌పీ మోటరు దించినంత మాత్రాన నీళ్లు రెట్టింపు కావు. పంపు, పైపు, బోరు లోతు అన్నీ దానికి సరిపడాలి. విమానంలో మోటరు ఇంజన్ అయితే, పంపు ప్రొపెల్లర్.

ఇక చరిత్ర. 1958 సెప్టెంబరులో బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారుచేసిన పుష్పక్ మొదటిసారి ఎగిరింది. ఇద్దరు కూర్చునే ఆ విమానానికి 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీదే నేర్చుకున్నారు. వేగం గంటకు 140 కిలోమీటర్ల చుట్టుపక్కలే.

1979లో అమెరికాలో బర్ట్ రుటాన్ లాంగ్-ఈజీ అనే విమానం ఎగిరించి, దాని ప్లాన్లు అమ్మినాడు. ఫోము, గ్లాస్ ఫైబర్ తెచ్చుకుని జనం షెడ్లలోనే దాన్ని కట్టుకున్నారు. దానికీ ఇద్దరే. ఇంజన్ 115 హార్స్‌పవర్. వేగం మాత్రం 250 కిలోమీటర్లు దాటుతుంది.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం పడుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిదింతలు కావాలి. ఆ లెక్కన పుష్పక్‌కు 115 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టినా 150 దాటి పెద్దగా పోదు. మరి మిగతా వంద ఎక్కడిది? గాలికి అడ్డం పడని నున్నటి ఒళ్లు, ఆ వేగానికి తగ్గట్టు చెక్కిన ప్రొపెల్లర్. అదీ ఊరికే రాదు. రెక్కల కోణం మారని ప్రొపెల్లర్ ఒకే గేరున్న బండి లాంటిది. పావగడ కొండ ఎక్కే గేరులో హైవే మీద పరుగు రాదు, హైవే గేరులో కొండ ఎక్కదు. వేగానికి చెక్కిన ప్రొపెల్లర్‌తో లేవాలంటే రన్‌వే ఎక్కువ కావాలి.

బెంగళూరు ఎన్‌ఏఎల్ ఆ లాంగ్-ఈజీ డిజైన్‌నే తీసుకుని సొంతంగా ఒక విమానం కట్టి 1987లో ఎగిరించింది. అప్పటి డైరెక్టరు రొద్దం నరసింహ గారు. ఇంటిపేరు చూసినారా? మన పావగడ నుంచి పెనుకొండ పోయే దారిలోని రొద్దమే వాళ్ల పూర్వీకుల ఊరు.

ఆ ఫైబర్ పనిలో వచ్చిన అనుభవం వృథా పోలేదు. తర్వాత వచ్చిన హంస కూడా ఫైబర్ విమానమే. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలుచన కాబట్టి మామూలు ఇంజన్ శక్తిలో పదో వంతు దాకా నేల మీదే పోతుంది. అందుకే హంస-3కు టర్బో ఉన్న రోటాక్స్ 914 ఇంజన్, దానికి జతగా రెక్కల కోణం మార్చుకునే ప్రొపెల్లర్ పెట్టినారు. కొండకూ హైవేకూ వేరే గేరు దొరికినట్టయింది. 2000లో దానికి డీజీసీఏ సర్టిఫికెట్ వచ్చింది. 2021 సెప్టెంబరులో హంస-ఎన్‌జీ ఎగిరింది.

కాబట్టి నాయనా, నీ ప్రశ్నకు మా కొత్త జవాబు ఇది: ఇంజన్, ప్రొపెల్లర్, ఒళ్లు మూడూ ఒకదానికొకటి కుదరాలి. ముందు లెక్క నేర్చుకో. అనుమతి లేకుండా, తెలిసినవాళ్ల పరీక్ష లేకుండా దేన్నీ ఎగిరించే ఆలోచన వద్దు. పుస్తకాలకూ ఫీజుకూ ఇబ్బంది అయితే సంఘాన్ని అడుగు. పక్క రొద్దం పేరు ఎన్‌ఏఎల్ దాకా పోయింది. మన ఊరి పేరు ఎందుకు పోకూడదు?